మాటకు మెట్లు

(భిలాయి, క్యాంప్ 2 లో తెలుగు కుటుంబముల సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



నేను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడను గాను, ఉపాధ్యాయుడను గాను. బి.ఏ. చదివి సచివాలయమున ప్రవేశించి, ఇరువది యేండ్లుగా దస్త్రములతో కాలము గడపుచున్నవాడను. అట్టివాడు పిల్లల బిడియమును గూర్చి చెప్పుటకు అర్హుడా యని మీరు సందేహింపవచ్చును. అయినను, సచివాలయమున పనిచేయువానికి ఒక్క సంగతి మాత్రము బాగుగ తెలియును. విషయము తెలిసియుండుట వేరు. తెలిసిన దానిని వేళకు నలుగురి యెదుట చెప్పగలుగుట వేరు. సమావేశమున ఒకరు ఆద్యంతము నోరు మెదపక కూర్చుందురు. సమావేశము ముగిసిన పిమ్మట, వసారాలో ప్రక్కవానితో చక్కని పరిష్కారము చెప్పుదురు. అప్పటికి నిర్ణయము వ్రాయబడి, సంతకములు కూడ పడియుండును. ఆ మౌనము ఎక్కడ మొదలైనదని వెదకుచు వెనుకకు పోయినచో, తరచుగ బడిలోని కడపటి బల్ల కడకు చేరుదుము. నేటి ప్రసంగము ఆ బల్లపై కూర్చున్న బాలబాలికలను గూర్చి.

ముందుగ మనమున్న చోటును తలచుకొందము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణమునకు ఒప్పందము కుదిరెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నిర్మాణమునకై వచ్చిన శ్రామికులు దిగిన తావులే ఈ క్యాంపులు. కర్మాగారము లేచినది, క్యాంపు అను పేరు మాత్రము నిలిచిపోయినది. పేరుతో పాటు మనుష్యులును నిలిచిరి. విజయనగరమునుండి రాయపురమునకు రైలు మార్గము 1931లోనే పూర్తియై యుండుటచేత, ఉత్తరాంధ్రము నుండి ఈ దిక్కునకు వచ్చుట మనవారికి సుకరమయ్యెను. ఆనాడు వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు బడికి పోవుచున్నారు. ఇంట శ్రీకాకుళపు తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. వీనికి తోడు, ఆంగ్లము రానిదే ఉద్యోగము రాదను పెద్దల హెచ్చరిక యొకటి. నాలుగు భాషల నడుమ పెరుగు బిడ్డకు నాలుగును వచ్చునని మనము గర్వింతుము. ఏ భాషలో ధైర్యముగ నోరు విప్పవలెనో తెలియక నిలిచిపోవు బిడ్డయు వారిలో ఉండునని అంతగా తలపము.

అట్టి బాలుని ఒకనిని ఊహింపుడు. వానికి పదునాలుగేండ్లు, తొమ్మిదవ తరగతి. లెక్కల మాస్టారు నల్లబల్లపై సమీకరణము సాధించుచున్నారు. రెండవ మెట్టు వానికి తెలియలేదు. అడుగవలెనని యున్నది. చేయి బల్లమీదినుండి నాలుగంగుళములు లేచి మరల దిగినది. మూడవ మెట్టు రెండవ దానిపై ఆధారపడినది గనుక అదియు తెలియలేదు. మరునాటి పాఠము నేటి పాఠముపై నిలుచును. మూడు మాసములు గడచునప్పటికి “వీనికి లెక్కలు తలకెక్కవు” అను మాట పుట్టును. ప్రగతి పత్రములో మాత్రము “ప్రవర్తన: ఉత్తమము” అని యుండును. వాని తెలివికి లోపము లేదు. ఒక్క ప్రశ్న అడుగు విద్యను వానికి ఎవరును నేర్పలేదు.

బాలిక విషయము ఇంతకన్న కఠినము. ఆడపిల్ల నోరెత్తకున్నచో పెంపకము మంచిదందురు. ఆ మెప్పుతోనే ఆమె పెరుగును. బడికి పోవు త్రోవలో ఎవడైన వేధించినచో, ట్యూషనులో ఎవరైన హద్దు మీరినచో, “వద్దు” అని గట్టిగ చెప్పుటకును, ఇంటికి వచ్చి చెప్పుకొనుటకును ఆమెకు గొంతు రాదు. బాలలను లైంగిక నేరములనుండి రక్షించు పోక్సో చట్టము 2012లో వచ్చినది. ఆపదలోనున్న బాలలకు 1098 అను టెలిఫోను సహాయము కలదు. చట్టము ఎంత బలమైనదైనను, మొదటి మాట బిడ్డ నోటనుండి రావలయును గదా. కావున, బిడియము పోగొట్టుట యనునది సభలలో ఉపన్యాసములిచ్చుటకు మాత్రమే పనికివచ్చు అలంకారమని ఎవరును తలపకుందురు గాక.

“నిండు కుండ తొణకదు” అని మనలో సామెత యొకటి కలదు. కుండ నిండియున్నదో, మూత బిగిసియున్నదో చూడక సామెత చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మౌనముగ నుండు పిల్లలందరును ఒక్క తీరువారు కారు. వారిని వేరుపరచి చూచుట మొదటి పని.

కొందరు స్వభావముచేతనే మితభాషులు. వారికి ఒకరిద్దరు స్నేహితులు చాలును. అవసరమైనపుడు మాటలాడుదురు, ఒంటరిగ పుస్తకము చదువుకొనుటయందు సుఖపడుదురు. వారిని వారి త్రోవన విడువవలెను. మితభాషణము రోగము కాదు.

కొందరు భాషచేత మౌనులు. ఇంట గలగల మాటలాడి, వీధిలో తోడివారితో కేకలు పెట్టి, బడి గుమ్మము దాటగనే నోరు మూయుదురు. హిందీలో లింగము తప్పునేమో, ఉచ్చారణకు నవ్వుదురేమో యని వారి శంక. వీరికి కావలసినది ముందుగ భాష, పిదప ధైర్యము.

కొందరు నిజముగ బిడియపడువారు. స్నేహము కావలెనని యుండును; దగ్గరకు పోలేరు. చెప్పవలెనని యుండును, గొంతు పెగలదు. కోరిక యున్నది, నేర్పు లేదు, నేర్పు లేనందున భయము, భయమువలన ప్రయత్నము లేదు, ప్రయత్నము లేనందున నేర్పు రాదు. ఈ వలయమును ఛేదించుటకే నేటి విద్యావేత్తలు సాంఘిక నైపుణ్య శిక్షణమును ఏర్పరచిరి.

ఇక కొందరి భయము బిడియమును దాటి వ్యాధిగ మారియుండును. బడి యనిన కడుపునొప్పి, వాంతులు; మాసముల తరబడి బడిలో ఒక్క మాటయు పలుకకుండుట; ఆహారము, నిద్ర తప్పుట; బ్రతుకుపై విరక్తి మాటలు. ఇవి కనిపించినచో వైద్యుని కడకు పోవలెను. 2015–16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, 13 నుండి 17 ఏండ్ల వారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. దీనిని ఇంటి గోడపై వ్రాసికొనుటకు సిగ్గుపడనవసరము లేదు. జ్వరమునకు వైద్యుని పిలిచుట వంటిదే ఇదియును.

బిడియము ఈ వయస్సుననే ఏల ముదురును? డేవిడ్ ఎల్కైండ్ అను అమెరికా మనస్తత్త్వవేత్త 1967లో దీనికి చక్కని వివరణము చెప్పెను. యౌవనారంభమున ప్రతి పిల్లవానికిని తన చుట్టును కనబడని ప్రేక్షకులు కూర్చుండి, తన జుట్టును, చొక్కాను, మొటిమను, మాటను ఎల్లవేళల పరీక్షించుచున్నట్లు తోచునట. నిజమునకు తరగతిలోని నలుబది మందియు ఎవరి మొటిమను గూర్చి వారు చింతించుచుందురు. ఈ సత్యము బిడ్డ చెవిన పడుటయే సగము ఊరట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఫిలిప్ జింబార్డో 1970లలో వేలాది మందిని ప్రశ్నింపగా, తాము బిడియస్థులమని చెప్పుకొన్నవారు నూటికి 40 మందికి పైగా తేలిరి. తాను ఒంటరియని తలచు పిల్లవానికి ఎంత పెద్ద సంఘమున్నదో చూడుడు.

ఆ సంఘములో గాంధీ మహాత్ముడును సభ్యుడే. లండనులో శాకాహార సంఘపు కార్యవర్గమున నుండియు ఆయన నోరు విప్పలేకపోయెను; ఒకమారు తన అభిప్రాయమును కాగితముపై వ్రాసి తేగా మరియొకరు చదువవలసి వచ్చెను. బొంబాయి చిన్న వ్యాజ్యముల కోర్టులో, 30 రూపాయల ఫీజుపై తీసికొన్న మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించుటకు లేచి, తల తిరిగి, ఏమియు అడుగలేక కూర్చుండెను. ఆ మనుష్యుడే 1893లో ప్రిటోరియాలో భారతీయులను సమావేశపరచి ప్రసంగించెను. అది తన జీవితములో మొదటి బహిరంగ ప్రసంగమని చెప్పదగునని ఆయనయే ఆత్మకథలో వ్రాసికొనెను. నడుమ ఏమి మారినది? ప్రిటోరియాలో శ్రోతలు కొద్దిమంది, తనవారు. విషయము ముందుగ ఆలోచించి సిద్ధపరచుకొన్నది. చెప్పవలసిన అవసరము హృదయములో నున్నది. చిన్న గుంపు, తెలిసిన ముఖములు, ముందస్తు సాధన, నిజమైన అవసరము. నేటి శిక్షణ పద్ధతులన్నియు ఈ నాలుగింటి చుట్టును తిరుగుచున్నవి. తన బిడియము తనకు మాటల పొదుపు నేర్పినదని గాంధీజీ సంతోషించెను గూడ. కావున, బిడియమును వేరుతో పెరికివేయవలెనని నా వాదము కాదు. అది దారికి అడ్డుపడకున్న చాలును.

ఇక శిక్షణ విధానము. మనుష్యుడు చెప్పినది విని నేర్చుకొనుటకన్న, తోటివాని చూచి నేర్చుకొనుట మిక్కుటమని ఆల్బర్ట్ బండూరా 1960లనుండి నిరూపించుచు వచ్చెను. ఆర్నాల్డ్ గోల్డ్‌స్టీన్, ఆయన సహచరులు ఈ సూత్రముపై బడి పిల్లలకు పాఠక్రమము నేర్పరచి, 1980లో కౌమారవయస్కుల కొరకు గ్రంథము ప్రకటించిరి. దానిని మన మాటలలో నాలుగు క్రియలుగ చెప్పవచ్చును: చూపుట, చేయించుట, చెప్పుట, వాడించుట.

సందేహము అడుగుట అను నైపుణ్యమునే తీసికొందము. పెద్దలకిది ఒక్క పని. బిడియపడు పిల్లవానికి ఐదు పనులు: చేయి పూర్తిగ ఎత్తుట, పిలుచువరకు దింపకుండుట, మాస్టారి ముఖము చూచుట, ఏ మెట్టు తెలియలేదో ఒక్క వాక్యములో చెప్పుట, తెలిసిన పిమ్మట తెలిసినదని చెప్పుట. మొదట వీనిని ఒకరు చేసి చూపవలెను. చూపువాడు మహావక్త కాకుండుట మేలు. తానును కొంచెము తడబడి, తడబడియు పూర్తిచేయు విద్యార్థి యైనచో చూచువానికి “నేనును చేయగలను” అని తోచును. పిదప బిడ్డచే చేయింపవలెను. ఇద్దరు ముగ్గురి నడుమ, ఒకరు మాస్టారి వేషము ధరింపగా, ఉత్తుత్తి తరగతిలో అడుగవలెను. అటుపిమ్మట ఎట్లున్నదో చెప్పవలెను: బాగున్నవి రెండు ముందుగ, మార్చుకొనవలసినది ఒకటి మాత్రము తరువాత. “గొంతు బాగున్నది, ప్రశ్న స్పష్టముగ నున్నది, ఈమారు తల పైకెత్తి అడుగుము” అనవలెను. “ఇంకను భయమేనా?” యని మాత్రము అనరాదు. చివరిది వాడించుట. ఆ వారములో ఒక్కమారు, మెత్తని మనసు గల ఉపాధ్యాయుని తరగతిలో, నిజముగ ఒక ప్రశ్న అడిగి రావలెను. ఏమి జరిగినదో నోటు పుస్తకములో నాలుగు పంక్తులు వ్రాసి తేవలెను. ఈ నాలుగవ క్రియ లేనిచో మొదటి మూడును వినోదముగ మిగిలిపోవును. శిక్షణ గదిలో మాట వచ్చి, బడిలో మరల మాట పోవును.

పైకెక్కుటకు మెట్లు కావలెను. హాజరు పిలిచినపుడు వినబడునట్లు పలుకుట ఒక మెట్టు. ప్రక్కవానిని పెన్ను అడుగుట ఒకటి. దుకాణములో తానే ధర అడిగి సరుకు తెచ్చుట మరియొకటి. పాఠము ముగిసిన పిదప మాస్టారి దగ్గరకు పోయి ఒంటరిగ అడుగుట, తరగతిలో అడుగుట, ఎనిమిది మంది యెదుట రెండు నిమిషములు చెప్పుట, ఇట్లు పోవలెను. ఒక మెట్టుపై గుండెదడ తగ్గువరకు అక్కడనే ఉండవచ్చును. ఈత నేర్పువాడు మొదటి దినముననే బిడ్డను నడి చెరువులోనికి త్రోయడు. మనము మాత్రము బిడియమును పోగొట్టుదుమని చెప్పి, వార్షికోత్సవ వేదికపై అయిదు వందల మంది యెదుటకు ఒక్కమారుగ త్రోయుదుము. అక్కడ కలిగిన అవమానము అనేక సంవత్సరములు నోరు కట్టివేయును.

ఇట్లే ఆటలో చేరుట నేర్పవలెను: కొంతసేపు చూచి, దగ్గర నిలిచి, మంచి దెబ్బ కొట్టినవానిని మెచ్చి, విరామమున “నన్నును చేర్చుకొందురా” యని అడుగుట. కాదన్నచో మరియొక గుంపునకు పోవుట. “వద్దు” అనుట, నమ్మిన పెద్దలకు చెప్పుకొనుట నేర్పవలెను. ఎవరైన నవ్వినచో ఏమి చేయవలెనో ముందుగనే అభ్యసింపజేయవలెను. ఏలయన, ఎవరో ఒకరు తప్పక నవ్వుదురు.

ఇవి వట్టి ఊహలు గావు. న్యూయార్కు నగరపు ఉన్నత పాఠశాలలలో క్యారీ మాసియా వార్నర్ అను మనస్తత్త్వవేత్రి, ఆమె సహచరులు 2000 తరువాత ఇట్టి కార్యక్రమమును నడిపిరి. వారమునకొక్కమారు చొప్పున 12 సమావేశములు, ఒక్కొక్కటి 40 నిమిషములు. వీనికి తోడు నాలుగు ఉల్లాస సమ్మేళనములు, తల్లిదండ్రులతో రెండు, ఉపాధ్యాయులతో రెండు సమావేశములు. ఉల్లాస సమ్మేళనములకు కలుపుగోలు గల తోడి విద్యార్థులను పిలిచి, బిడియస్థులతో కలిపి ఆటలకు, విందులకు తీసికొనిపోయిరి. సామాజిక భయముతో బాధపడు విద్యార్థులలో మంచి మార్పు కానవచ్చినది. ఆస్పత్రి మెట్లెక్కని పిల్లలకు బడిలోనే సాయము అందుట దాని విశేషము.

మన దేశమునను ఆధారములు కలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నైపుణ్యములు పదియని చెప్పి, వానిలో సంభాషణ సామర్థ్యమును, పరస్పర సంబంధములను చేర్చెను. నిమ్హాన్స్ వారు ఉపాధ్యాయులే బోధింపదగిన పాఠములుగ వానిని మలచిరి. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ క్రింద ప్రారంభించిన పాఠశాలారోగ్య కార్యక్రమము ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైనంతవరకు ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీగ, శిక్షణ నిచ్చి ఆరోగ్య రాయబారులుగ నియమించునట్లు నిర్దేశించినది. అందు మానసికారోగ్యము, మానవ సంబంధములు పాఠ్యాంశములు. నావంటి దస్త్రముల మనిషికి తెలిసినదేమనగా, ఉత్తర్వు కాగితముపై నున్నంతమాత్రమున కార్యము జరుగదు, “మా బడిలో ఆ ఇద్దరు ఎవరు?” అని తల్లిదండ్రులు అడిగిననాడు కాగితము కదలును. “అడగనిది అమ్మయైనను పెట్టదు” అను సామెత పిల్లలకే కాదు, మనకును వర్తించును.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న మనవి. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్రి 1970లలో తరగతులను పరిశీలించి, ప్రశ్న వేసిన పిదప ఉపాధ్యాయుడు సమాధానమునకై ఆగునది సుమారు ఒక్క సెకను మాత్రమేనని కనుగొనెను. మూడు సెకనులు ఆగినచో ఎక్కువమంది పిల్లలు సమాధానము చెప్పిరి, సమాధానములు దీర్ఘములయ్యెను. పైకము అక్కరలేని సంస్కరణ యిది. బిడియపడు బాలుడు మనసులో తెలుగు వాక్యమును హిందీలోనికి మార్చుకొనుటకు ఆ రెండు సెకనులే కావలసియుండును.

భాష మాట వచ్చినది గనుక గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక తప్పదు. శ్రీకాకుళము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాషను స్వయముగ నేర్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిన మహనీయుడాయన. బిడ్డ నోటనున్న భాషను త్రోసిపుచ్చిన బడి బిడ్డను గూడ త్రోసిపుచ్చునని ఆయన కార్యము మనకు బోధించుచున్నది. అట్టి వ్యావహారిక భాషోద్యమ నాయకుని పేరు ఈ గ్రాంథికములో చెప్పుచున్నందులకు ఆయన ఆత్మ నన్ను మన్నించు గాక! 2020 నాటి జాతీయ విద్యావిధానము సాధ్యమైనచోట కనీసము అయిదవ తరగతి వరకు మాతృభాషలో బోధన ఉండవలెనన్నది. క్యాంపులోని బడులన్నిట అది జరుగుట కష్టసాధ్యమే. కాని శిక్షణ నిచ్చు గదిలో మొదటి నాలుగు వారములు తెలుగులోనే నడుపుటకు ఎవరి యనుమతి కావలెను? ధైర్యము ఒక భాషలో కుదిరినచో రెండవ భాషలోనికి నడచిపోవును. “సర్, ఫిర్ సే సమఝాయియే” అను ఒక్క హిందీ వాక్యమును ఇంట పదిమార్లు పలికి పోయిన బిడ్డకు, బడిలో పదునొకండవమారు పలుకుట సులభము.

ఈ విద్య మనకు క్రొత్తయు గాదు. రేడియో అన్నయ్యగా తెలుగునాట ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు మద్రాసు ఆకాశవాణిలోను, పిమ్మట హైదరాబాదులోను పిల్లల కార్యక్రమములు నడిపిరి. బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో “బాల” అను మాసపత్రికను వెలువరించిరి. పిల్లలు పిల్లలతో కలిసి ఆడుచు, పాడుచు, చిన్న నాటికలాడుచు మైకు ముందు మాటలాడిరి. ఆ దంపతులు సాంఘిక నైపుణ్యము అను పేరు పెట్టలేదు, చేసినది అదియే. మన పల్లెలలో పద్యనాటకము గూడ అట్టి బడియే. తన మాట చెప్పలేనివాడు వేషము కట్టినంతనే కృష్ణుని మాట చెప్పగలడు. ఇతరుల మాటలు పలికి పలికి తన మాటకు గొంతు సవరించుకొనును.

ఈ నేలమీది ఉదాహరణము గూడ ఒకటి చెప్పుదును. భిలాయికి సమీపమునగల గనియారి గ్రామమున పుట్టిన తీజన్ బాయి, స్త్రీలు కూర్చుండి పాడు కాలమున, నిలుచుండి తంబూర చేబూని పాండవానీ పాడెను. పాడినందులకు తనవారిచేతనే వెలివేయబడెను. ఉక్కు కర్మాగారములో ఉద్యోగము చేయుచు దేశదేశములు తిరిగి, 2019లో పద్మవిభూషణ పురస్కారమును పొందెను. ఆమె బిడియస్థురాలని నేను చెప్పుట లేదు. నోరెత్తిన బాలికను సంఘము వెలివేయుటయా, వేదిక నిచ్చుటయా అను ప్రశ్న మాత్రము ఆమె చరిత్రలో కలదు. మన ఇండ్లలోను ఆ ప్రశ్న కలదు.

తల్లిదండ్రులకు మూడు మాటలు. అతిథి “నీ పేరేమి?” అని బిడ్డనడిగినపుడు మీరు సమాధానము చెప్పకుడు, బిడ్డ చెప్పువరకు ఆగుడు. “వీడు వట్టి మొగమాటస్థుడండీ” అని బిడ్డ వినుచుండగా అనకుడు. ఆ పేరు చొక్కావలె ఒంటికి అతుకుకొనును. ప్రక్కింటి గలగలమాటల పిల్లతో పోల్చకుడు. నిన్న పలుకని చోట నేడు ఒక్క మాట పలికినచో, ఆ ఒక్క మాటను గుర్తించి చెప్పుడు.

“ఉద్యోగములలో ఇంటర్వ్యూలే ఎత్తివేసిరి గదా, ఇంత శ్రమ ఏల?” యని కొందరనవచ్చును. 2016 జనవరి 1వ తేదీనుండి కేంద్ర ప్రభుత్వము క్రింది తరగతుల ఉద్యోగములకు ఇంటర్వ్యూలను తొలగించిన మాట నిజము. మాట రానందున అర్హుడు నష్టపోవుట కొంత తగ్గినది, సంతోషము. కాని ఉద్యోగము దొరకిన మరునాటినుండి పై యధికారితో, ప్రజలతో, తోడివారితో మాటలాడవలసినదే. యంత్రము దగ్గర ప్రమాదము కనిపించినపుడు “ఆపుడు!” అని కేక వేయుటకును గొంతు కావలెను. ఉక్కు నగరములో ఈ సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు.

ఇక నా ప్రతిపాదన. మనవంటి సాంస్కృతిక సంఘములు పండుగలకు, నాటకములకు ధనమును, కాలమును వెచ్చించుచున్నవి, మంచిదే. దానితో పాటు క్యాంప్ 2 లో ఆదివారపు సాయంకాలము ఒక్క ముప్పావు గంట ఈ పిల్లలకు కేటాయింతము. ఎనిమిది మంది పిల్లలు, 12 ఆదివారములు. నడుపుటకు ఇద్దరు పెద్దలు. అందొకరు తప్పక స్త్రీ. వారికి తోడుగ, ఒకప్పుడు బిడియపడి నేడు కళాశాలలో చదువుచున్న మన క్యాంపు పిల్లలు ఇద్దరు. తల్లిదండ్రుల యనుమతి ముందుగ తీసికొనవలెను. బిడ్డకు ఇష్టము లేనిచో బలవంతము చేయరాదు. వేదిక వద్దు, బహుమతులు వద్దు, ఛాయాచిత్రములు వద్దు. గది, చాప, నోటు పుస్తకములు చాలును. మొదటి నాలుగు వారములు తెలుగు, పిదప హిందీ, చివరి వారములలో పిల్లలను జట్లు జట్లుగ మార్కెట్టునకు, తంతి తపాలా కార్యాలయమని మన పెద్దలు పిలిచిన నేటి తపాలా కార్యాలయమునకు, గ్రంథాలయమునకు పంపి పని చేసికొని రమ్మనవలెను.

పండ్రెండవ వారమున ఫలితమును కొలుచుటకు మార్కులక్కరలేదు. ప్రతి బిడ్డనును మూడు ప్రశ్నలు అడుగుదము. ఈ మాసములో తరగతిలో ఒక్క సందేహమైన అడిగితివా? మధ్యాహ్నము అన్నము తినునపుడు ప్రక్కన కూర్చుండు స్నేహితుడొకడున్నాడా? కష్టము వచ్చినచో ఎవరికి చెప్పవలెనో తెలియునా? ఈ మూడింటికి ఔనను సమాధానము వచ్చినచో మన శ్రమ ఫలించినట్లే. రానిచోట ఆ బిడ్డకు మరికొన్ని వారములు ఇత్తము. అవసరమైనచో వైద్యుని సలహా తీసికొందము.

ఈ నేలకు మన పెద్దలు వచ్చినపుడు వారికి ఇచటి భాష రాదు, ఊరు తెలియదు, పని క్రొత్త. ఎవరో యొకరు ప్రక్కన నిలిచి చూపగా, తాము చేయగా, తప్పు దిద్దుకొనగా పని పట్టుబడినది. కొలిమి పని అట్లే నేర్చుకొనిరి; హిందీ మాట గూడ అట్లే నేర్చుకొనిరి. వారి మనుమలకు మాట నేర్పుటకును అదే త్రోవ. వచ్చు ఆదివారమున పిల్లల పేర్లు వ్రాసికొనుటకు నేనును ఇక్కడ కూర్చుందును. కడపటి బల్లపైనున్న మీ బిడ్డను, ప్రక్కింటి బిడ్డను తీసికొని రండని ప్రార్థించుచున్నాను.